ఒకదాని కడుపులో ఒకటి

తూనికలు కొలతల శాఖలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉండేవాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. అందరికీ ఆయన ముద్రయ్యే. తూకపు రాళ్ళ మీద, త్రాసుల మీద, లీటరు డబ్బాల మీద ఆ ఏటి ముద్ర కొట్టడం ఆయన పని. సుత్తితో ఒక్క దెబ్బ. రెండో దెబ్బ కొట్టగా చూసినవాడు లేడు. ఒకసారి పరధ్యానంలో తన చేతి గడియారం మీద కూడా ముద్ర కొట్టేశాడనీ, ఆనాటి నుంచి భయం కొద్దీ ఆ గడియారం ఒక్క నిమిషం కూడా తప్పలేదనీ చెప్పుకునేవారు. నమ్మేవాళ్ళు నమ్మారు. గడియారం మాత్రం నిజంగానే సరిగ్గా నడిచేది.

ఆఫీసులో ముద్రయ్య ముద్రకి విలువుండేది, మాటకి ఉండేది కాదు. గాజు మూత కింద దాచిన అసలు ప్రమాణపు ఇత్తడి తూనికరాళ్ళ పక్కన ఆయన బల్ల. ఆ రాళ్ళని చూడటానికి అప్పుడప్పుడూ పెద్ద ఆఫీసర్లు వచ్చేవాళ్ళు. ఆయన్ని చూడటానికి ఎవరూ రాలేదు. మీటింగుల్లో నోరు తెరిస్తే, "ఆ, అది తర్వాత మాట్లాడదాం" అనేవారు. ఆ తర్వాత అనేది ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

పెళ్ళి చేసుకోలేదు. వెనక సందులో ఒంటి గది. భోజనం అక్క ఇంట్లో. అక్క టైలరు. కింద వాకిలి గదిలో రెండు కుట్టుమిషన్లు, పైన గదిలో బట్టలు కత్తిరించే ఎనిమిదడుగుల బల్ల. బావ ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. గొంతు మాత్రం రిటైరు కాలేదు. వంటింటి గుమ్మంలో ఇద్దరు నిలబడితే చాలు, "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అని కేకేసేవాడు. ఆ గొంతు ముందు ముద్రయ్య భోజనమంతా "ఊఁ" కొట్టడంతోనే అయిపోయేది.

ఇలాంటి మనిషికి వారానికి ఒక్క పూట మాత్రం సింహాసనం దొరికేది. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా, అక్క బల్ల పక్కన ఎత్తు స్టూలు మీద.

దాని కథ పదకొండేళ్ళ నాటిది. బావకీ, ఎదురింటి పళ్ళ డాక్టరుకీ ఒక ఆట పిచ్చి. వెయ్యేళ్ళ తర్వాత గ్రహాల మీద జరగబోయే యుద్ధాన్ని బల్ల మీద బొమ్మలు పెట్టి, పాచికలు వేసి, అంగుళాలు కొలిచి ఆడే ఆట అది. డాక్టరు తన సైన్యాన్ని పళ్ళ అచ్చులు తీసే తెల్ల మట్టితో పోతపోసుకున్నాడు. ఆ సైనికులందరికీ పలువరస బ్రహ్మాండంగా ఉండేది. బావ సైన్యం మొత్తం పాత బస్సుల నట్లు, బోల్టులు, బెల్లు తాడు కొక్కేలు. ఒక ఆదివారం బావని టీకి పిలవడానికి ముద్రయ్య మేడెక్కేసరికి ఇద్దరూ ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా నిలబడి అరుచుకుంటున్నారు. వాళ్ళ సైనికుల మధ్య దూరం ఎనిమిదంగుళాలా, ఎనిమిదిన్నరా? బావ అక్క బట్ట టేపుతో కొలిచాడు. డాక్టరు క్లినిక్కులోని స్కేలుతో కొలిచాడు. ముద్రయ్య మాట్లాడకుండా జేబులోంచి ముద్ర పడిన ఉక్కు టేపు తీసి చూశాడు.

"ఎనిమిదింపావు," అన్నాడు.

ఇద్దరూ నోళ్ళు మూశారు. ఇద్దరు మగాళ్ళని ఒక్క మాటతో నోరు మూయించడం ముద్రయ్య జన్మలో అదే మొదలు. ఆ రుచి మరిగాడు. మరుసటి ఆదివారానికి ఎత్తు స్టూలు వచ్చింది, అంపైరు హోదా వచ్చింది, ఆట పుస్తకం చేతికొచ్చింది.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. జిరాక్సు కాపీ, రెండు వందల పన్నెండు పేజీలు. రాసినవాళ్ళు గొప్ప తెలివైనవాళ్ళే కానీ, జీవితంలో ఒకరినొకరు కలుసుకోనివాళ్ళు. ముప్ఫయ్యో పేజీ రాసినాయనకి నూట ముప్ఫయ్యో పేజీ రాసినాయన పొడ గిట్టదేమో అనిపించేది. ఉదాహరణకి, కదలకుండా నిలబడ్డవాణ్ణి దాక్కున్నవాడిగా లెక్కించాలని అందులో రాసి ఉంది. బావ ఏం చేశాడంటే, పాత హారను గొట్టంతో మూడంతస్తుల మరమనిషిని తయారుచేసి, చెట్టూ పుట్టా లేని మైదానం నట్టనడుమ నిలబెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"కనపడుతోందిగా!" అని అరిచాడు డాక్టరు.

"మీకు కనపడుతోంది డాక్టరు గారూ. మీ సైనికులకి కాదు."

"అంత లావున ఉంది, ఎలా కనపడదండీ? గుడ్డివాళ్ళా మావాళ్ళు?"

"పళ్ళు బాగానే పెట్టారు, కళ్ళు పెట్టడం మర్చిపోయినట్టున్నారు."

ఇద్దరూ స్టూలు వైపు చూశారు. ముద్రయ్య పేజీ తిప్పి, వేలు పెట్టి, "కదల్లేదు కాబట్టి దాక్కున్నట్టే," అన్నాడు. డాక్టరు ఆ రోజు తన సొంత పళ్ళు కొరుక్కున్నాడు. కానీ ఊరుకునే రకం కాదు. రెండు వారాలయ్యాక బావ తుపాకులకి ఆయన సైన్యంలోని వైద్యులిద్దరూ చచ్చిపడ్డారు. ప్రతి వైద్యుడూ తన వంతులో ఒకణ్ణి బతికించవచ్చని పుస్తకం. ఆ వైద్యుడు బతికి ఉండాలని ఎక్కడా లేదు. చచ్చిన మొదటివాడు చచ్చిన రెండోవాణ్ణి లేపాడు. లేచినవాడు కృతజ్ఞత కొద్దీ మొదటివాణ్ణి లేపాడు.

"ఇదేం అన్యాయం బావమరిదీ!" అన్నాడు బావ.

"డాక్టరు చచ్చినా డాక్టరే," అన్నాడు పళ్ళ డాక్టరు, కాలరు సర్దుకుంటూ.

"రాసి ఉంది బావా," అన్నాడు ముద్రయ్య.

అన్నిటికన్నా చిత్రం పాకడం. పడుకోవడం, లేవడం కదలిక కిందకి రావని రూలు. పడుకున్న సైనికుడు తన తల ఎక్కడుందో అక్కడే లేచి నిలబడాలని ఇంకో రూలు. అంటే ఒక్కసారి పడుకుని లేస్తే మనిషి తన ఎత్తంత దూరం ముందుకు పోయినట్టే. పడుతూ లేస్తూ, పడుతూ లేస్తూ, డాక్టరు సేన మొత్తం ఒక్క అడుగు వేయకుండా గ్రహాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి దాటేసింది. అప్పటి నుంచి వాళ్ళ యుద్ధాల్లో పరిగెత్తినవాడు లేడు. తొందర పని ఏదైనా బోర్లాపడే చేసేవారు.

ముద్రయ్య దేనికీ నవ్వేవాడు కాదు. ఆయన మతం ఒకటే, రాసి ఉన్నది రాసి ఉన్నట్టు. ముద్ర పడితే ఇక తిరుగులేదు. ఒకసారి మాత్రం తప్పటడుగు వేశాడు. బావ రెండు వారాలు అలిగి, భోజనాల దగ్గర "లోపలికి జరగాలి" అనడం కూడా మానేసేసరికి, ఆ నిశ్శబ్దం భరించలేక ఆట మధ్యలో ఒక తీర్పు తిప్పేశాడు. డాక్టరు నిప్పులు చెరిగాడు. "అంపైరు కాదండీ ఈయన, బావమరిది!" అన్నాడు. ఆ మాట ముద్రయ్యకి గుండెల్లో దిగబడింది. వెంటనే అక్క దగ్గర నీలం సుద్దముక్క తీసుకుని పై గది గోడ మీద రాశాడు. 'ఇచ్చిన తీర్పు మారదు. మారిస్తే వచ్చే ఆట నుంచే చెల్లుతుంది.' కింద సంతకం పెట్టి, సుత్తి లేదు కాబట్టి బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

దాని పైన అప్పటికే అక్క చేతిరాత ఒకటి ఉంది. ఒక సోమవారం పొద్దున్న అక్క బల్ల తుడుస్తూ సగం ఆడిన గ్రహాన్ని చెత్తబుట్టలోకి ఊడ్చేసింది. మగాళ్ళిద్దరూ నెల రోజులు ఇంట్లో చావు జరిగినట్టు తిరిగారు. అక్క విసిగిపోయి మాటిచ్చింది. 'ఆట అయ్యేదాకా ఈ బల్ల నేను ముట్టుకోను.' అక్క మాటిస్తే అంతే. ముద్రయ్య అక్క ఆమె, రక్తం ఎక్కడికి పోతుంది?

ఇక అసలు ఆపద ఒక ఆదివారం వచ్చింది. దానికి విత్తనాలు ముద్రయ్య ఎప్పుడో చల్లుకున్నాడు. రెండు తీర్పులు. మొదటిది మూడేళ్ళ కిందట బావ అడిగితే ఇచ్చింది. ఓడ తన శక్తికి మించని ఏ వస్తువునైనా ఎక్కించుకోవచ్చని పుస్తకం. ఓడ కూడా వస్తువేనా అని బావ అడిగాడు. "మా డిపోలో చెడిపోయిన బస్సుని లారీ మీదకి ఎక్కించేవాళ్ళం," అని సాక్ష్యం కూడా చెప్పాడు. ముద్రయ్య ఆలోచించి, "వస్తువే. శత్రువుదైనా వస్తువే," అన్నాడు.

రెండోది కిందటి వానాకాలంలో డాక్టరు అడిగింది. ఆయన తెల్ల ఓడ కార్డు మీద బరువు నలభై అని ఉంది. లోపల పాతికమంది సైనికులుంటే నలభై ఎలా అవుతుందని బావ తగువు.

"నిండు బస్సూ, ఖాళీ బస్సూ ఒకటేనా? ముప్ఫై ఏళ్ళు బస్సులో నిలబడ్డవాణ్ణి, నాకా చెప్తారు బరువు సంగతి!"

"కార్డు మీద నలభై అని ఉంది బావా. లోపల ఏమున్నా, ముద్ర పడిన బరువే బరువు."

తూనికల ఇన్‌స్పెక్టరు నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందని ఆశ్చర్యపోవద్దు. తూనికల ఇన్‌స్పెక్టరు కాబట్టే వచ్చింది.

ఆ తీర్పు ఇచ్చిన వారమే ఆఫీసులో ఒక సంగతి జరిగింది. పాత ఇనుము ఏరి అమ్ముకునే ముసలామె ఒకత్తి కిటికీ దగ్గరికి వచ్చింది. కొట్టువాడి అయిదు కిలోల రాయి అడుగున తవ్వి, బరువు పెరిగేలా సీసం పోశారనీ, తన ఇనుము తేలిపోతోందనీ చెప్పింది. ముద్రయ్య రాయి తెప్పించి చూశాడు. ముద్ర తనదే, ఆ ఏటిదే. "ముద్ర సరిగ్గా ఉందమ్మా," అన్నాడు. ఆమె ఆయన వైపు జాలిగా చూసింది.

"తూగేది రాయా, ముద్రా నాయనా?" అని అడిగి వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న ఆయన్ని చెప్పులో రాయిలా బాధపెట్టింది. కానీ రాయి చెప్పులో ఉన్నా నడక ఆపని మనుషులుంటారు కదా.

ఆ ఆదివారం పొద్దున్న అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆసుపత్రిలో కొత్త ఆపరేషను వార్డు బుధవారం తెరుస్తారట. అరవై గౌన్లు కావాలన్నారు. పచ్చ బట్ట ఆరింటికి వ్యాన్లో వస్తుంది. ఆరు కొట్టేసరికి ఆట అయిపోయి బల్ల నా చేతికి రావాలి."

"వస్తుందిలేవే," అన్నాడు బావ. "మూడింటికి మొదలెడితే అయిదింటికి డాక్టరు గారి పళ్ళు రాలగొట్టి ఇంటికి పంపిస్తాను."

"రాకపోతే ఇదే మీ ఆఖరి ఆట. ఆ తర్వాత ఆదివారాలు కూడా బల్ల నాదే. తమ్ముడూ, విన్నావుగా? అంపైరువి నువ్వే. పూచీ నీది."

ఆదివారాలు పోతే ముద్రయ్యకి మిగిలేవి ఆరు రోజులు, ఆ ఆరు రోజుల్లోనూ ఆయన మాట వినేది ఇత్తడి రాళ్ళు. "నాది పూచీ అక్కా," అన్నాడు.

ఆట నాలుగున్నర దాకా సాఫీగా సాగింది. ఆరో రౌండులో గ్రహం మీద ఆమ్లపు వాన కురుస్తుందని పుస్తకం. వానకి భయపడి ఇద్దరూ మిగిలిన సైనికుల్నీ సేనాధిపతుల్నీ తమ తమ ఓడల్లోకి ఎక్కించేశారు. బల్ల మీద అట్టముక్కల కొండలూ, వాటి మధ్య రెండే ఓడలూ మిగిలాయి. బావది ఎర్ర ఓడ, బరువు నలభై అయిదు, అరవై మోస్తుంది. డాక్టరుది తెల్ల ఓడ, బరువు నలభై, యాభై మోస్తుంది.

బావ పాచిక వేసి, ఎర్ర ఓడని తెల్ల ఓడ పక్కకి తెచ్చి ఆపాడు. ఆపి, మీసం దువ్వాడు.

"మీ ఓడని నా ఓడలోకి ఎక్కించేసుకుంటున్నా డాక్టరు గారూ. నలభయ్యే కదా బరువు? లోపల ఎంతమంది ఉన్నా నలభయ్యేనని మీరే తీర్పు తెప్పించుకున్నారు. నేను అరవై మోస్తాను. రండి, రండి, లోపలికి జరగాలి!"

తెల్ల ఓడని బల్ల మీంచి తీసి అక్క బొత్తాల డబ్బాలో వేశాడు. డాక్టరు ముఖం సున్నం కొట్టినట్టయింది. ముద్రయ్య పేజీలు తిప్పాడు. తప్పేమీ లేదు. గడియారం చూసుకున్నాడు. నాలుగూ నలభై. ఆట ముగిసినట్టే. ఆదివారాలు దక్కినట్టే. ఆయన నవ్వబోయాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు డాక్టరు. పన్ను పీకే ముందు పేషెంటుతో మాట్లాడినంత మెత్తగా అన్నాడు. "ఇంకో ఓడని ఎక్కించుకోవాలంటే దాన్ని తాకుతూ ఉండాలి, అంతేగా ఇన్‌స్పెక్టరు గారూ?"

"అంతే."

"నా ఓడ వీరి ఓడ కడుపులో ఉంది. తాకుతున్నట్టా, కాదా?"

ముద్రయ్య డబ్బా వైపు చూశాడు. "తాకుతున్నట్టే," అన్నాడు.

"నా వంతు. ఎర్ర ఓడ బరువు నలభై అయిదు. లోపల ఏమున్నా నలభై అయిదే. నేను యాభై మోస్తాను. ఎక్కించేసుకున్నా."

ఎర్ర ఓడని కూడా తీసి డబ్బాలో వేశాడు.

తెల్ల ఓడ ఎర్ర ఓడ కడుపులో. ఎర్ర ఓడ తెల్ల ఓడ కడుపులో. బల్ల మీద కొండలు తప్ప పురుగు లేదు.

"ఇదెక్కడి చోద్యం! నేను మింగినది నన్ను మింగడమేంటి?" అన్నాడు బావ.

"తీర్పు ఉంది," అన్నాడు డాక్టరు.

"బావమరిదీ! నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా? మాట్లాడవేం?"

ముద్రయ్య పుస్తకం అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ తిరగేశాడు. రౌండు చివర శత్రువు బొమ్మ బల్ల మీద ఒక్కటీ లేకపోతే గెలుపు అని ఉంది. ఆ లెక్కన బావ గెలిచాడు. డాక్టరూ గెలిచాడు. ఇద్దరూ ఒకేసారి గెలిస్తే ఇంకో రౌండు ఆడాలని దాని కిందే ఉంది. ఇంకో రౌండు పెట్టాడు. కదపడానికి బొమ్మ లేదు. రౌండు చివర బల్ల మీద చూస్తే శత్రువు లేడు. మళ్ళీ ఇద్దరూ గెలిచారు. ఇంకో రౌండు. అయిదుంబావు అయ్యేసరికి పదిహేడు రౌండులు జరిగాయి. ఒక్కొక్కరు పదిహేడు యుద్ధాలు గెలిచారు. అంతటి జగజ్జేతలు ఇద్దరూ చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"ఓడలోంచి దిగండి," అని బతిమాలాడు ముద్రయ్య. "ఎవరో ఒకరు దిగండి."

"దిగేవాడు ఓడకి రెండంగుళాల లోపల దిగాలి. ఓడ బల్ల మీద ఏదీ?" అన్నాడు బావ.

ముద్రయ్య ఉక్కు టేపు లాగి పట్టుకున్నాడు. ఒక కొస ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో కొలవడానికి మొదలే లేని దూరం ఆయనకి అదే తగలడం. టేపు వదిలితే సర్రున చుట్టుకుపోయి వేలికి తగిలింది.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు. ఇక్కడ పాము ఏదో, కప్ప ఏదో తేలితే కదా ఎవరి కోపమో తెలిసేది!

కింద నుంచి వ్యాను హారను వినపడింది. పచ్చ బట్ట పదిహేను నిమిషాలు ముందే వచ్చింది. అక్క "జాగ్రత్త, నేల మీద పెట్టకండి" అనడం వినపడింది. ముద్రయ్య లేచి నిలబడ్డాడు. ఎందుకో ఆయనకి కిటికీ దగ్గర నిలబడ్డ పాత ఇనుము ముసలామె గుర్తొచ్చింది.

"రాయే," అన్నాడు.

"ఏ రాయి?" అన్నాడు డాక్టరు.

"తూగేది రాయే. ముద్ర కాదు. నేను చెప్పింది తప్పు డాక్టరు గారూ. నిండు ఓడ, ఖాళీ ఓడ ఒకటి కాదు. బావ చెప్పిందే నిజం. లోపల ఉన్నది కూడా తూగుతుంది. నా తీర్పు నేనే కొట్టేస్తున్నా. ఎర్ర ఓడ బరువు లోపలి తెల్ల ఓడతో కలిపి ఎనభై అయిదు. మీరు ఎక్కించుకోలేరు. అసలు ముందే, మీ నిండు ఓడని బావ ఎక్కించుకోగలడా అన్నది కూడా చూడాలి. అంతా వెనక్కి."

పదకొండేళ్ళలో ఆయన అంత పొడుగు మాట అనలేదు. ఆ స్టూలు మీద మళ్ళీ తనకి మర్యాద ఉండదని తెలిసే అన్నాడు.

బావ మీసం మీద చేయి వేసుకుని, గోడ వైపు చూశాడు. డాక్టరు కూడా గోడ వైపే చూశాడు. పాపం, ఇద్దరూ ఆనందంగా చూడలేదు.

"వచ్చే ఆట నుంచే చెల్లుతుంది," అని చదివాడు బావ, నెమ్మదిగా.

"మీ సంతకమే," అన్నాడు డాక్టరు.

"ఈ ఆట అయితే కదయ్యా వచ్చే ఆట!" అన్నాడు బావ.

ముద్రయ్య సుద్ద రాతని చూశాడు. బొటనవేలి నొక్కు ఇంకా చెక్కుచెదరలేదు. ఆయన కొట్టిన ముద్ర ఎన్నడూ చెరగదని ప్రతీతి. స్టూలు మీద కూలబడ్డాడు.

"పోనీ, నేను ఓడిపోతాను," అన్నాడు డాక్టరు ఉన్నట్టుండి. బావ ఆశ్చర్యంగా చూశాడు. "నిజంగానేనండీ. మీ ఆవిడకి బల్ల కావాలి."

"ఛ, మీరెందుకు, నేను ఓడిపోతా," అన్నాడు బావ. పదకొండేళ్ళలో ఒక్క అంగుళం వదలని మనిషి.

ముద్రయ్య పుస్తకం చూడకుండానే చెప్పాడు. "ఓడిపోవాలంటే సేనాధిపతిని బల్ల మీద పడుకోబెట్టాలి. సేనాధిపతులు ఓడల్లో ఉన్నారు."

అక్క మెట్లెక్కి వచ్చింది. చంకలో పచ్చ బట్ట తాను. మెడలో బట్ట టేపు. బల్ల వైపు చూసి ముఖం విప్పారింది.

"అమ్మయ్య, అయిపోయిందా! బొమ్మలన్నీ తీసేశారే!"

ముగ్గురూ నేల చూపులు చూశారు.

"అయిపోలేదే," అన్నాడు బావ.

"బల్ల మీద ఏం లేదుగా?"

"ఏం లేదు."

"మరి ఆట ఎక్కడ జరుగుతోంది?"

డాక్టరు బొత్తాల డబ్బా చూపించాడు. ముద్రయ్య జరిగినదంతా చెప్పాడు, పూచీ తనదని కూడా గుర్తుచేశాడు. అక్క చివరిదాకా వింది. కేకలేస్తుందనుకున్నారు. వేయలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

"సరే," అంది. తాను ఎత్తుకుని మెట్లు దిగసాగింది.

"అక్కా, ఎక్కడికి? బల్ల తీసుకో! కొండలు తీసేస్తాం!"

"ఆట అయ్యేదాకా బల్ల ముట్టుకోనని మాటిచ్చాను. అవలేదన్నారుగా?"

"ఆ మాట మాకొద్దంటున్నాంగా అమ్మా," అన్నాడు డాక్టరు. "మేమే చెప్తున్నాం, ముట్టుకోండి!"

అక్క మెట్టు మీద ఆగి వెనక్కి చూసింది. "వీడి ముద్రకి అంత విలువిచ్చారు. నా మాట అంతకన్నా తేలికా?"

కిందికి దిగి, రెండు మిషన్ల మధ్య నేల తుడిచి, దుప్పటి పరిచి, దాని మీద పచ్చ బట్ట పరిచింది. సుద్ద తీసుకుని మోకాళ్ళ మీద కూర్చోబోయింది. ఆ మోకాళ్ళకి రెండేళ్ళుగా నూనె రాసి కట్టు కట్టుకుంటోంది. "అమ్మా" అని మిషను పట్టుకుని ఆగిపోయింది. పైన మెట్ల మీంచి చూస్తున్న ముగ్గురికీ ఆ మాట ఏ కార్డు మీదా రాయని బరువుతో తగిలింది.

ఒక్క గంతులో దిగిపోయారు. బావ సుద్ద లాక్కున్నాడు. డాక్టరు కత్తెర పట్టుకున్నాడు. ముద్రయ్య మేడ మీదకి పరిగెత్తి ఎత్తు స్టూలు తెచ్చి అక్క వెనక వేశాడు. ఆమె కూర్చుంది. కూర్చుని, పదకొండేళ్ళు ఆ స్టూలు ఆమెదే అయినట్టు చుట్టూ చూసింది.

"చేతుల దగ్గర్నుంచి మొదలుపెట్టండి. డాక్టరు గారూ, కత్తెర పన్ను పీకినట్టు పట్టుకోకండి. ఏవండీ, మీరు ఆ కొసకి వెళ్ళండి. నిలబడి కాదు, బట్ట తొక్కుతారు. పాకండి."

బావ పాకాడు. బోర్లాపడి, లేచి, మళ్ళీ బోర్లాపడి, అరక్షణంలో ఆ కొసకి చేరాడు.

"పాకితేనే వేగం," అన్నాడు డాక్టరు గొణుగుతూ. "పుస్తకంలో తప్పు లేదన్నమాట."

ముద్రయ్య ఉక్కు టేపు తీసి, నేలకి చెంప ఆనించి, గౌను పొడవు కొలిచాడు. అక్క గీయించిన గీతకీ ఆయన కొలతకీ తేడా వచ్చింది.

"అక్కా, అరంగుళం ఎక్కువ ఉంది."

"ఉంటుంది. ఉతికితే ముడుచుకుంటుంది."

"టేపు ముద్ర పడిన టేపు అక్కా."

"బట్టకి తెలియదు కదరా ఆ సంగతి."

"అయినా ఒక్కసారి చూడకూడదా?"

"ఇచ్చిన తీర్పు తిప్పను," అంది అక్క, స్టూలు మీంచి. "నువ్వు జరుగు. లోపలికి జరగాలి."

బావ గౌను చేతిలో ముఖం దాచుకుని నవ్వాడు. ముద్రయ్య జరిగాడు. ఆ సాయంత్రం పద్దెనిమిది గౌన్లు కత్తిరించారు. డాక్టరు కత్తిరించిన వాటిల్లో ఒకదానికి మూడు చేతులు వచ్చాయి. ఆసుపత్రివాళ్ళు దాన్ని కూడా తిప్పి పంపలేదట, ఎవరికి వాడారో తెలియదు.

బుధవారానికి అరవై గౌన్లూ వెళ్ళిపోయాయి. కానీ పైన బల్ల మీద ఆట అలాగే ఉంది. అక్క మాట అలాగే ఉంది. ముగ్గురూ వంతులవారీగా బతిమాలారు. ఆమె వినలేదు. చివరికి వడ్రంగిని పిలిపించి, అట్ట కొండలకి తగలకుండా, నేల మీంచి లేపిన నాలుగు పొడుగు కాళ్ళ మీద ఇంకో చెక్క వేయించింది. బల్ల మీద బల్ల. పాత బల్లని ఎవరూ ముట్టుకోలేదు. పై చెక్క ఎత్తు ఎక్కువై, నిలబడి కత్తిరిస్తే తన మోకాళ్ళకి సుఖంగా ఉందని అక్క ఎవరితోనో అందట. ముద్రయ్యతో మాత్రం అనలేదు.

ఇదే ఆఖరి ఆట అని ఆమె చెప్పింది. నిజమే, ఆఖరి ఆటే. అవలేదంతే. అందుకని ముగ్గురూ ఇప్పటికీ ప్రతి ఆదివారం మూడింటికి వస్తారు. బావ గీస్తాడు. డాక్టరు కత్తిరిస్తాడు. చేతులు రెండే పెట్టడం ఇప్పుడు అలవాటయింది. ముద్రయ్య కొలుస్తాడు, అక్క కాదంటుంది.

ఆరు కొట్టేముందు మాత్రం ముద్రయ్య టేపు జేబులో పెట్టుకుని, టార్చిలైటు తీసుకుని, మోకాళ్ళ మీద వంగి రెండు బల్లల మధ్య సందులోకి తల దూరుస్తాడు. దుమ్ము పట్టిన కొండలు. వాటి పక్కన మూత పెట్టిన బొత్తాల డబ్బా. శత్రువు బొమ్మ ఒక్కటీ లేదు. అంతా జాగ్రత్తగా చూసి, తల బయటికి తీస్తూ చెక్కకి కొట్టుకుని, అది రుద్దుకుంటూ ప్రకటిస్తాడు.

"ఇద్దరూ గెలిచారు. ఇంకో రౌండు."